బావి నీళ్ళలో డీడీటీ 180 మైక్రోగ్రాములు: ఆ అంకె అచ్చుకు పంపే ముందు

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను, చదివే మిగతావాళ్ళకూ విషయం తెలుస్తుంది. మీరు ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ రెండో సంవత్సరం. ప్రాజెక్టు కోసం గుంటూరు వైపు మిర్చి, పత్తి వేసే ఒక ఊళ్ళో 12 బావులు, బోర్ల నుంచి నీళ్ళు తెచ్చారు. ఒక్కో లీటరును 100 మిల్లీలీటర్ల చొప్పున మూడుసార్లు డైక్లోరోమీథేన్ అనే ద్రావకంతో ఎక్స్‌ట్రాక్ట్ చేశారు, అంటే నీళ్ళలోని మందులను అందులోకి లాగారు. దాన్ని ఆవిరి చేసి ఒక్క మిల్లీలీటరుకు తెచ్చి, పదార్థాలను విడదీసి అణువు ముక్కల బరువును బట్టి గుర్తించే యంత్రం జీసీ-ఎంఎస్‌లో ఇంజెక్ట్ చేశారు. ఒక బావిలో డీడీటీ అనే పాత పురుగుమందు లీటరుకు 180 మైక్రోగ్రాములు వచ్చింది. నాలుగింటిలో ఆల్ఫా ఎండోసల్ఫాన్ అనే మరో పురుగుమందు, మొత్తం పన్నెండింటిలో డైబ్యూటైల్ థాలేట్ కనబడ్డాయి. యంత్రంలో దాచిన నమూనాలతో పోలిక, అంటే లైబ్రరీ మ్యాచ్, 92 శాతం. మీ గైడ్ దీన్ని రీసెర్చ్ పేపర్‌గా పంపుదామంటున్నారు, ఒక విలేకరి వివరాలు అడుగుతున్నారు. ఆ ఊరి పెద్దాయన ఫోన్ చేసి "అమ్మా, ఆ బావి నీళ్ళు తాగమంటారా, మానమంటారా?" అని అడిగారు. ఇప్పుడేం చెయ్యాలి, ఈ రంగంలో పీహెచ్‌డీకి వెళ్ళొచ్చా అన్నది మీ ప్రశ్న.

నేను పాతికేళ్ళకు పైగా నీళ్ళలో, పాలలో, కూరగాయల్లో పురుగుమందుల అవశేషాలు కొలిచే పనిలో ఉన్నాను. సూటిగా చెప్తాను. ఆ 180 తప్పు అంకె అని నాకు దాదాపు నమ్మకం. పేపర్ ఆపండి, విలేకరికి ఇప్పుడేమీ చెప్పకండి. పెద్దాయనకు ఏం చెప్పాలో చివర్లో రాస్తాను, ఎందుకంటే మీ ప్రశ్న మొత్తంలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఆయన మాటే.

ఎందుకు తప్పంటున్నానో చెప్తాను. డీడీటీ నీళ్ళలో దాదాపు కరగదు. అణువు నిండా బెంజీన్ వలయాలు, క్లోరిన్లు, అది నూనెకు, కొవ్వుకు చుట్టం. నీళ్ళలో దాని కరిగే పరిమితి లీటరుకు కొన్ని మైక్రోగ్రాములేనని కొన్ని పుస్తకాలు రాస్తాయి, 25 దాకా అని మరికొన్ని రాస్తాయి. ఏ పుస్తకం తీసినా 180 కనబడదు. తేటగా ఉన్న బావి నీళ్ళలో కరిగే దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ డీడీటీ ఎలా ఉంటుంది? నీళ్ళు బురదగా ఉండి, మీరు వడకట్టకుండా ఎక్స్‌ట్రాక్ట్ చేసి ఉంటే మట్టి రేణువులకు అంటుకున్నది కొంత కలిసి రావచ్చు. కానీ నీళ్ళు తేటగా ఉన్నాయని మీరే రాశారు.

మరి 180 ఎక్కడి నుంచి వచ్చింది? మీరు లీటరు నీటిని ఒక మిల్లీలీటరుకు తెచ్చారు, అంటే వెయ్యి రెట్లు చిక్కబరిచారు. స్టాండర్డు గీతతో, అంటే తెలిసిన గాఢతల శుద్ధ డీడీటీతో గీసిన గీతతో పోల్చి యంత్రం ఇచ్చిన 180 మీ చిన్న వయల్‌లోని ద్రావణానిది, బావిది కాదు. దాన్ని వెయ్యితో భాగించడం మరిచిపోయి ఉంటారు. భాగిస్తే 0.18 వస్తుంది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం డీడీటీ, దాని నుంచి వచ్చే డీడీఈ, డీడీడీ అన్నీ కలిపి లీటరుకు 1 మైక్రోగ్రాము దాకా ఉండొచ్చు. మీ మొదటి అంకె ప్రకారం ఆ బావి పరిమితికి 180 రెట్లు పైన ఉంది. సరిచేసిన అంకె ప్రకారం పరిమితిలో అయిదో వంతు కూడా లేదు. యూరప్ పరిమితి ఏ ఒక్క పురుగుమందుకైనా 0.1, దానికి మాత్రం ఇది పైనే. కాబట్టి 0.18 పట్టించుకోనక్కర్లేని అంకె కాదు. కానీ "ఊరి బావిలో విషం" అని వార్తాపత్రికలో వేసే అంకె కూడా కాదు. మీ లెక్కల పుస్తకం తీసి ముందు ఇదొక్కటి చూడండి.

ఒక మైక్రోగ్రాము అంటే ఎంతో మీకు చేతికి తెలియాలి. లీటరుకు ఒక మైక్రోగ్రాము అంటే ఒక గ్రాము మందు పది లక్షల లీటర్లలో కలవడం. పదివేల లీటర్ల ట్యాంకర్లు వంద నిలబెట్టి వాటన్నింటికీ కలిపి ఒక గ్రాము వేసినట్టు. ఇంత తక్కువను వెతికేటప్పుడు మీ గాజు సామాను, ద్రావకం, గ్లోవ్స్, గది గాలి కూడా మీ శాంపిల్‌లో భాగమైపోతాయి.

థాలేట్ సంగతి అదే. పన్నెండు బావుల్లోనూ, యంత్రం గీసే బొమ్మ క్రోమటోగ్రామ్‌లో ఇంచుమించు ఒకే ఎత్తు శిఖరంతో, అంటే పీక్‌తో, ఒకే పదార్థం వస్తే అది ఊరిది కాదు, మీ ప్రయోగశాలది అని మొదట అనుకోవాలి. ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి థాలేట్లు కలుపుతారు, అవి ద్రావకం తగిలితే చాలు బయటికి వస్తాయి. మీరు 300 మిల్లీలీటర్ల డైక్లోరోమీథేన్‌ను ఒక మిల్లీలీటరుకు తెచ్చారు కాబట్టి ఆ ద్రావకంలో ముందే ఉన్న మలినమూ 300 రెట్లు చిక్కబడింది. థాలేట్ల గుర్తు, ఎం బై జెడ్ (అయాన్ బరువు, ఆవేశాల నిష్పత్తి) 149 దగ్గర నిటారుగా లేచే ఆ అయాన్‌ను నేను ఎన్ని వందల క్రోమటోగ్రాముల్లో చూశానో లెక్కలేదు.

నా ఉద్యోగం మొదటి ఏడాదిలో ముప్ఫై బోర్ల నీళ్ళు పరీక్షించి, అన్నింటిలో థాలేట్ ఉందని రిపోర్టు రాసి మా ప్రయోగశాల అధికారి బల్ల మీద పెట్టాను. ఆయన పేజీలు తిప్పి ఒక్క మాట అడిగారు: "బ్లాంక్ ఏది?" నా దగ్గర లేదు. డిస్టిల్డ్ వాటర్ లీటరు తీసుకుని అదే పద్ధతిలో మొదటి నుంచి చివరి దాకా చేశాను. అదే పీక్, అదే ఎత్తు. అది ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవడానికి మూడు వారాలు పట్టింది. ద్రావకం పోసుకునే ప్లాస్టిక్ వాష్ బాటిల్ నుంచి కొంత, తేమ లాగడానికి వాడే సోడియం సల్ఫేట్ డబ్బా మూత నుంచి కొంత. ఆ రోజు నుంచి సోడియం సల్ఫేట్‌ను 400 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు కాల్చి గాజు సీసాలో పెట్టుకోవడం నాకు అలవాటైంది. గాజు సామాను కూడా చివర్లో ద్రావకంతో కడిగి వాడతాను. మీరు కూడా ప్రతి బ్యాచ్‌లో కనీసం ఒక బ్లాంక్ నడపండి. ఊరికి వెళ్ళేటప్పుడే శుభ్రమైన నీళ్ళు ఒక సీసాలో తీసుకెళ్ళి, బావి దగ్గర మూత తీసి మళ్ళీ పెట్టి తెచ్చే ఫీల్డ్ బ్లాంక్ ఇంకా మంచిది.

తర్వాత రికవరీ. డీడీటీ లేదని తేలిన బావి నీళ్ళు లీటరు తీసుకుని, తెలిసిన మొత్తం, ఉదాహరణకు అర మైక్రోగ్రాము కలిపి, అదే పద్ధతిలో చేయండి. ఎంత తిరిగి వచ్చింది? 70 నుంచి 120 శాతం మధ్య, మళ్ళీ మళ్ళీ అదే రకంగా వస్తే మీ పద్ధతిని నమ్మొచ్చు. 30 శాతమే వస్తే మిగతా 70 ఎక్కడ పోయిందో వెతకాలి. డీడీటీ లాంటివి గాజు గోడలకు అంటుకుంటాయి. సీసాలోంచి సగం నీళ్ళు కొలిచి తీసుకుంటే సగం డీడీటీ కంటే తక్కువే వస్తుంది. సీసా మొత్తాన్ని వాడాలి, ఖాళీ సీసాను ద్రావకంతో కడిగి ఆ కడిగినదాన్ని కూడా కలపాలి. ఈ చిన్న మాట పాఠ్యపుస్తకాల్లో అరుదు, కానీ ఫలితాన్ని తారుమారు చేస్తుంది.

ఇక గుర్తింపు. 92 శాతం మ్యాచ్ అంటే 92 శాతం ఖాయం అని కాదు. మీ స్పెక్ట్రమ్‌కూ పుస్తకంలోని స్పెక్ట్రమ్‌కూ ఉన్న పోలిక అది. అదే పోలిక మరో నాలుగు పదార్థాలకూ ఉండొచ్చు. స్టాండర్డు కొని, అదే కాలమ్‌లో, అదే రోజు ఇంజెక్ట్ చేసి, రిటెన్షన్ టైమ్ (కాలమ్ నుంచి బయటికి రావడానికి పట్టే సమయం) కలిసిందా, రెండు మూడు అయాన్ల నిష్పత్తి కలిసిందా చూడాలి. మీరు ఆర్గానిక్ చదివినవారు కాబట్టి మీకొక వెసులుబాటు ఉంది: క్లోరిన్లు తమ సంతకం తామే పెడతాయి. క్లోరిన్ 35, క్లోరిన్ 37 మూడుకు ఒకటి చొప్పున ఉంటాయి. డీడీఈలో నాలుగు క్లోరిన్లు. దాని అణు అయాన్ దగ్గర 316, 318, 320 వరసలో 318 అన్నింటికంటే ఎత్తుగా, 316 దానిలో ముప్పావు వంతుకు కాస్త పైన, 320 సగం దగ్గర ఉండాలి. ఆ మెట్లు కనబడకపోతే లైబ్రరీ ఏమన్నా అది డీడీఈ కాదు.

డీడీటీలో ఇంకో గోతి ఉంది, అనుభవం ఉన్నవాళ్ళు కూడా అందులో పడతారు. డీడీటీ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ పోతే డీడీఈ. ఒక క్లోరిన్ పోయి హైడ్రోజన్ చేరితే డీడీడీ. మట్టిలో ఏళ్ళ తరబడి ఇవే మార్పులు జరుగుతాయి, అందుకే డీడీటీ ఎక్కువ ఉంటే కొత్త వాడకం, డీడీఈ ఎక్కువ ఉంటే పాత వాడకం అని రాస్తారు. మన దేశంలో వ్యవసాయంలో డీడీటీ వాడకాన్ని 1989లో ఆపేశారు, దోమల నివారణకు మాత్రం కొనసాగింది. కాబట్టి ఆ నిష్పత్తి చాలా చెప్తుంది. కానీ జీసీ ఇంజెక్టర్‌లోని గాజు లైనర్ మురికిగా ఉంటే, ఆ వేడికి డీడీటీ అక్కడే విరిగి డీడీఈ, డీడీడీ అయిపోతుంది. అప్పుడు మీరు చూసేది మట్టి చరిత్ర కాదు, లైనర్ మురికి. రోజూ ముందుగా శుద్ధమైన డీడీటీ స్టాండర్డు ఒక్కటే ఇంజెక్ట్ చేసి, ఎంత విరుగుతోందో చూడండి. 15 శాతం దాటితే లైనర్ మార్చి, కాలమ్ మొదలు కొద్దిగా కోసి మళ్ళీ మొదలుపెట్టాలి.

ఎండోసల్ఫాన్ గురించి నాకున్న అనుమానం ఇంకా పెద్దది. మార్కెట్లో అమ్మిన ఎండోసల్ఫాన్‌లో ఆల్ఫా, బీటా ఏడుకు మూడు పాళ్ళలో ఉండేవి. ఆల్ఫా త్వరగా పోతుంది, బీటా నెమ్మదిగా పోతుంది, మట్టిలో సూక్ష్మజీవులు రెండింటినీ ఆక్సీకరించి ఎండోసల్ఫాన్ సల్ఫేట్ చేస్తాయి. అది చాలాకాలం మిగులుతుంది. సుప్రీంకోర్టు 2011 మేలో ఎండోసల్ఫాన్‌ను ఆపింది. అన్నేళ్ళ తర్వాత బావిలో మిగిలి ఉంటే సల్ఫేట్ మిగలాలి. ఎవరో దొంగచాటుగా ఇప్పుడు కొట్టి ఉంటే ఆల్ఫాతో పాటు బీటా కూడా రావాలి. ఆల్ఫా ఒక్కటే రావడం ఏ కథకూ కుదరదు. ఆ పీక్ ఇంకేదో అయి ఉంటుంది. పేపర్లో ఇది చూసిన సమీక్షకుడు మొదట అడిగేది ఇదే.

అసలు ఇంకో మాట అడుగుతాను. డీడీటీ, ఎండోసల్ఫాన్ వెతకాలని ఎందుకు అనుకున్నారు? జీసీ-ఎంఎస్ ఉంది కాబట్టి, పాత పేపర్లలో అవే ఉన్నాయి కాబట్టి. కానీ ఆ ఊరి రైతులు ఇప్పుడు కొట్టేవి వేరు. 2021లో మిర్చిలో నల్ల తామర పురుగు వచ్చినప్పటి నుంచి మందులు ఎన్నిసార్లు కొట్టారో, ఏవేవి కలిపి కొట్టారో ఆ ఊళ్ళో ఎవరిని అడిగినా చెప్తారు. ఇమిడాక్లోప్రిడ్, ఎసిటామిప్రిడ్ లాంటివి నీళ్ళలో బాగా కరుగుతాయి. ఇమిడాక్లోప్రిడ్ లీటరుకు అరగ్రాము పైనే కరుగుతుంది, డీడీటీతో పోలికే లేదు. బావిలోకి దిగే అవకాశం వీటికే ఎక్కువ. వీటిని మీ జీసీ-ఎంఎస్ సరిగా చూడలేదు, పదార్థాన్ని ఆవిరి చేయకుండా ద్రావణంలోనే విడదీసే ఎల్‌సీ-ఎంఎస్‌ఎంఎస్ కావాలి. గడ్డిమందు గ్లైఫోసేట్‌కైతే ప్రత్యేకంగా డెరివటైజేషన్ చెయ్యాలి, అంటే యంత్రం చూడగలిగే మరో రూపంలోకి మార్చాలి. మళ్ళీ ఊరికి వెళ్ళినప్పుడు ముందు పురుగుమందుల దుకాణంలో అరగంట కూర్చోండి, ఈ సీజన్లో ఏవి అమ్ముడుపోయాయో రాసుకోండి. పొలం గట్ల మీద పడి ఉన్న ఖాళీ డబ్బాల ఫోటోలు తీయండి. ఏ మందు వెతకాలో తేల్చాక, దానికి తగ్గ యంత్రం ఎక్కడ ఉందో అడిగి, అక్కడికి శాంపిల్ తీసుకెళ్ళాలి.

పెద్ద అంకె వస్తే ఎప్పుడూ తప్పేనని నేననడం లేదు. హైదరాబాద్ పక్కన మందుల కంపెనీలున్న పటాన్‌చెరు ఉంది కదా. అక్కడి కాలుష్యం గొడవ 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, డాక్టర్ అల్లాని కిషన్ రావు గారు దశాబ్దాల పాటు ఆ నీళ్ళ గురించి చెబుతూనే వచ్చారు. 2007లో స్వీడన్ గోథెన్‌బర్గ్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరులోని ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31,000 మైక్రోగ్రాముల దాకా ఉందని ప్రచురించింది. అంటే 31 మిల్లీగ్రాములు. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో గరిష్ఠంగా ఉండేది లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములు. శుద్ధి చేశామన్న నీటిలో మందు, రోగి రక్తంలో కంటే పది రెట్లు!

ఆ అంకె ఎందుకు నిలబడింది? నేను మీ 180కి పెట్టిన పరీక్షలే దానికీ పెట్టి చూడండి. ఆ గాఢతలో సిప్రోఫ్లోక్సాసిన్ నీళ్ళలో కరుగుతుందా? కరుగుతుంది. ఒక్క శాంపిలేనా? వరుసగా రెండు రోజులు తీశారు. లెక్క కుదురుతుందా? ఆ కేంద్రానికి సుమారు 90 బల్క్ డ్రగ్ కంపెనీల నుంచి నీళ్ళు వచ్చేవి, రోజుకు సుమారు 15 లక్షల లీటర్లు. లీటరుకు 30 మిల్లీగ్రాముల చొప్పున వేస్తే రోజుకు 45 కిలోలు. అది 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తం అయిదు రోజుల్లో వాడేంత మందు. నమ్మలేనంత ఎక్కువ, కానీ అన్ని మందుల కంపెనీలున్న చోట అసాధ్యం కాదు. రెండేళ్ళకు అదే ప్రాంతం మీద యెర్కర్ ఫిక్, లార్సన్ తదితరులు రాసిన పేపర్లో చెరువు నీటిలో లీటరుకు 6.5 మిల్లీగ్రాముల సిప్రోఫ్లోక్సాసిన్, చుట్టుపక్కల ఊళ్ళ బావుల్లోనూ మందుల అవశేషాలు ఉన్నాయని వచ్చింది. ఊళ్ళవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నదాన్ని ఎవరూ కొట్టిపారేయలేని రూపంలో పెట్టింది ఆ కొలత. మీ అంకెకు కూడా అంత గట్టిదనం రావాలని నా ఆశ. ఎందుకంటే రేపు నిజంగా ఆ ఊళ్ళో ఏదైనా ఉందని తేలినప్పుడు, మొదటి అంకె తప్పని ఎవరైనా నిరూపించి ఉంటే రెండోది ఎవరూ వినరు.

పీహెచ్‌డీ గురించి. మీకు సింథసిస్, అంటే పదార్థాలను తయారుచేయడం, ఇష్టమని, ఈ పని "కొలతల పని"లా ఉందని రాశారు. అమ్మా, ఈ రంగానికి ఆర్గానిక్ కెమిస్టులే కావాలి. అమెరికాలో సియాటిల్ చుట్టుపక్కల వాగుల్లోకి గుడ్లు పెట్టడానికి వచ్చే కోహో సాల్మన్ చేపలు వానలు పడగానే చచ్చిపోయేవి. ఏళ్ళ తరబడి కారణం తెలియలేదు. రోడ్ల మీది నీళ్ళని, అందులోనూ టైర్ల పొడి అని తేలింది. కానీ టైరు నీళ్ళలో రెండు వేల దాకా పదార్థాలున్నాయి. ఎడ్వర్డ్ కొలోజీ, జెన్యూ టియాన్ బృందం ఆ నీటిని భాగాలుగా విడదీస్తూ, ఏ భాగంలో చేపలు చస్తున్నాయో దాన్నే మళ్ళీ విడదీస్తూ పోయింది. చివరికి ఒక ఫార్ములా మిగిలింది: 18 కార్బన్లు, 22 హైడ్రోజన్లు, 2 నైట్రోజన్లు, 2 ఆక్సిజన్లు. టైర్ల పదార్థాల జాబితాలో ఎక్కడా లేదు.

ఇక్కడ యంత్రం పని అయిపోయి కెమిస్టు పని మొదలైంది. ఓజోన్ వల్ల టైరు పగలకుండా 6పీపీడీ అనే పదార్థం కలుపుతారు. దానిలో 18 కార్బన్లు, 24 హైడ్రోజన్లు, 2 నైట్రోజన్లు. రెండూ పక్కపక్కన కాగితం మీద రాసుకోండి. రెండు హైడ్రోజన్లు పోయాయి, రెండు ఆక్సిజన్లు చేరాయి. టైరును కాపాడుతూ ఓజోన్‌తో చర్య జరిపిన 6పీపీడీ, క్వినోన్‌గా మారింది. ఎవరూ తయారుచేయని, ఎవరూ కలపని పదార్థం, రోడ్డు మీద దానంతటదే పుట్టింది. 2020 చివర్లో ఇది బయటికి వచ్చింది. సగం చేపలు చచ్చే గాఢత లీటరుకు 0.8 మైక్రోగ్రాములని మొదట రాశారు. తర్వాత మార్కెట్లో శుద్ధమైన స్టాండర్డు దొరికాక 2022లో వాళ్ళే మళ్ళీ కొలిచి, అది 0.095 అని సవరించారు. అంటే మొదట అనుకున్నదానికంటే ఎనిమిది రెట్లకు పైగా విషపూరితం. తమ అంకెను తామే దిద్దుకున్న ఆ రెండో పేపరంటే నాకు ఎక్కువ గౌరవం.

మన మిర్చి చేలల్లో కొట్టే మందులు ఎండకు, శుద్ధి చేసిన నీటిలోని క్లోరిన్‌కు, మట్టిలోని ఇనుముకు తగిలి ఏమవుతున్నాయో ఎంతమంది చూస్తున్నారు? చాలావాటికి స్టాండర్డులే దొరకవు. మీరు వాటిని తయారుచేయగలరు, కొలతకు పోలికగా వాడే డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) పెట్టిన రూపాలు కూడా చేయగలరు. నెట్ రాసి జేఆర్ఎఫ్ తెచ్చుకోండి. తార్నాకలోని ఐఐసీటీ, నాగపూర్ నీరి లాంటి చోట్ల ఈ పని నడుస్తుంది. ఉద్యోగం అంటారా, మిర్చి ఎగుమతి చేయాలంటే అవశేషాల పరీక్ష తప్పదు, గుంటూరులోనే స్పైసెస్ బోర్డు ప్రయోగశాల ఉంది. చేరేముందు మాత్రం ఆ గైడ్ దగ్గర విద్యార్థులు బ్లాంక్, రికవరీ ఫలితాలు థీసిస్‌లో పెడతారో లేదో పాత థీసిస్ ఒకటి తెరిచి చూడండి.

ఇప్పుడు పెద్దాయన సంగతి. ఆయనకు ఈ రోజే ఫోన్ చేయండి. "మొదటి లెక్కలో పొరపాటు ఉన్నట్టుంది, మళ్ళీ పరీక్షిస్తున్నాం, రెండు మూడు వారాల్లో నేనే వచ్చి చెప్తాను" అని ఉన్నదున్నట్టు చెప్పండి. అప్పటిదాకా చిన్నపిల్లలకు, గర్భిణులకు పంచాయతీ సరఫరా నీళ్ళు గానీ వేరే మంచినీళ్ళు గానీ వాడమనండి. నీళ్ళు మరిగిస్తే డీడీటీ పోతుందని మాత్రం చెప్పకండి, దాని మీద ఆధారపడకూడదు. ఆ బావి పక్కన మందు కలిపే చోటు గానీ, డబ్బాలు కడిగే చోటు గానీ ఉందేమో అడగండి. ఉంటే అంకె ఎంత వచ్చినా సరే, దాన్ని అక్కడి నుంచి మార్చమని ఇప్పుడే చెప్పొచ్చు.

సోమవారం ప్రయోగశాలకు వెళ్ళగానే డిస్టిల్డ్ వాటర్‌తో మొత్తం పద్ధతి ఒకసారి చేయండి. ఆ బ్లాంక్ క్రోమటోగ్రామ్, డీడీటీ స్టాండర్డు ఒక్కటే ఇంజెక్ట్ చేసిన క్రోమటోగ్రామ్, ఆ బావిది, మూడూ నాకు చూపించండి. ఎండోసల్ఫాన్ అనుకున్న పీక్ స్పెక్ట్రమ్ కూడా పెట్టండి, కూర్చుని చూద్దాం.